దుప్పటి కోసం బందరు నుంచి కాళహస్తి దాకా

మొదటి రోజు: బందరు

నిజాంపేటలో కొత్త ఫ్లాట్‌కి మారి మూడు నెలలైంది. తెల్ల గోడలు, బూడిద రంగు సోఫా, మంచం మీద ఏదో ఆఫర్‌లో కొన్న గళ్ళ దుప్పటి. అమ్మ వచ్చిన రోజు ఇల్లంతా ఓసారి తిరిగి, "శుభ్రంగానే ఉందే, నర్సింగ్‌హోమ్‌లాగా" అంది. ఆ మాట రెండు రోజులు నన్ను పట్టుకుని వదల్లేదు. ఇంటినిండా కలంకారీ వేసేద్దామని అప్పుడే తీర్మానించుకున్నాను. హాల్లోకి కర్టెన్లు, మంచానికి చేత్తో గీసిన పెద్ద దుప్పటి, సోఫాకి రామాయణం బొమ్మలతో ఐదు కుషన్ కవర్లు. ఈ చివరిది అమ్మకి చెప్పలేదు. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు.

"ఫోన్లో నొక్కితే ఎల్లుండికి వచ్చేస్తాయి కదా" అన్నారు మా ఆయన. అలా నొక్కి తెప్పించిన నెమలి కుషన్ కవరు ఒకటి అప్పటికే నా దగ్గరుంది. అచ్చంగా చేతిపని అని రాసి అమ్మారు. తెలిసినవాళ్ళకి చూపించి అడుగుదామని దాన్ని బ్యాగులో పెట్టుకున్నాను.

అమ్మ కూడా బయల్దేరింది. దుప్పట్ల మీద ప్రేమతో కాదు, ట్రైన్ గుడివాడ మీదుగా వెళ్తుందని. తెల్లవారుజామున గుడివాడ స్టేషన్లో లేచి కూర్చుని, కిటికీ ఊచలకి నుదురు ఆనించి, తెలిసిన ముఖం ఒక్కటైనా కనిపిస్తుందేమోనని బండి ఆగినంతసేపూ చూసింది. ఎవరూ కనపడలేదు. కాసేపటికి పెడన వచ్చింది, వెళ్ళింది. మా పని, అంటే కలంకారీ గుడ్డలు కొనడం, పెడనలోనే అయినా రూము బందరులో తీసుకున్నాం. అదీ అమ్మ కోరికే. లడ్డు కోసం.

బందరు అంటేనే రేవు. మచిలీపట్నం అని బోర్డుల మీద రాసుకున్నా ఊళ్ళో అందరూ బందరనే అంటారు. ఆటోలూ స్కూలు పిల్లలూ కూరగాయల బళ్ళూ చూస్తుంటే, ఒకప్పుడు ఇక్కణ్ణుంచి ఓడల కొద్దీ గుడ్డలు యూరప్‌కి వెళ్ళాయంటే నమ్మబుద్ధి కాదు. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ దుకాణం తెరిచింది 1611లో. డచ్చివాళ్ళు అంతకంటే ముందే వచ్చారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద వంశ చిహ్నాలు, మాకు ఒక్క ముక్క అర్థం కాని రాతలు. "పాపం, గుడ్డలు కొనుక్కోడానికి వచ్చి ఇక్కడే పోయారా?" అంది అమ్మ. గుడ్డలు ఒక్కటే కాదుగానీ, మొత్తమ్మీద అంతే.

వాళ్ళు ఓడలకెత్తిన సరుకులో నేను వెతుక్కుంటూ వచ్చింది కూడా ఉంది. మంచం దుప్పటి. పలంగ్‌పోష్ అనే మాటని ఇంగ్లీషువాళ్ళు పాలంపోర్ అని చేసుకున్నారు. పలంగు అంటే మంచం, పోష్ అంటే కప్పేది. అడుగున చిన్న గుట్ట, గుట్ట మీంచి వంకర్లు తిరుగుతూ పైకెక్కే చెట్టు, ఒకే కొమ్మకి పది రకాల పూలు. అలాంటి చెట్టు ఏ అడవిలోనూ ఉండదు. కొంత పర్షియా, కొంత చైనా, "మాకు ఇలా కావాలి" అంటూ సముద్రం దాటి వచ్చిన నమూనాలు కొన్ని, మిగతాదంతా ఈ తీరంలో పనిచేసిన చేతులు. అక్కడ వీటి కోసం జనం ఎంత ఎగబడ్డారంటే, సొంత నేతగాళ్ళ గోల భరించలేక ఫ్రాన్స్ 1686లో ఈ రంగుల నూలు గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1721లో చేసిన చట్టమైతే ఒంటి మీద వేసుకోవద్దనడంతో ఆగలేదు, ఇంట్లో మంచాలకీ కుర్చీలకీ కూడా వాడొద్దంది. దుప్పటికి భయపడి చట్టం చేశారని చెబితే అమ్మ చాలాసేపు నవ్వింది. నవ్వుతూనే రెండో లడ్డు తీసుకుంది. షుగరుందని గుర్తు చేశాను. బెల్లంతో చేసింది ఏమీ కాదంది.

రెండో రోజు: పెడన

బందరు నుంచి పెడన పది కిలోమీటర్లు ఉంటుందేమో. దారికి రెండు వైపులా వరి కోసిన మళ్ళల్లో మినుము. ఊళ్ళోకి వచ్చేసరికి గోడల మీద, తాళ్ళ మీద, ఖాళీ స్థలాల్లో నేల మీద, ఎక్కడ చూసినా ఎండలో గుడ్డలే.

ఇక్కడి పనిని అద్దకం అంటారు. కలంకారీ పేరులో కలం ఉంది గానీ పెడనలో కలం పట్టరు, చెక్క అచ్చులే. మేం వెళ్ళిన షెడ్డులో ఒక గోడ పొడవునా అరల్లో పుస్తకాలు పేర్చినట్టు అచ్చులు పేర్చి ఉన్నాయి. అన్నీ టేకు. ఒకటి చేతిలోకి తీసుకుంటే నూనె పట్టి నల్లబడి, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. పువ్వు అంచుకి ఒక అచ్చు, లోపలి ఎరుపుకి ఇంకొకటి, ఆకుకి వేరే. ఒక దుప్పటి పూర్తి కావాలంటే అచ్చులు బుట్టెడు కావాలి.

బల్ల దగ్గర నిలబడ్డాయన వయసు అరవై దాటి ఉంటుంది. బల్ల మీద గోనె పట్టాలు, దుప్పట్లు మెత్తగా పరిచి, వాటిపైన గుడ్డ. పక్కన పళ్ళెంలో తడి గుడ్డ పొరలు, వాటిలో నల్లటి ద్రావకం. అచ్చు పళ్ళేనికి తాకిస్తాడు, గుడ్డ మీద ఒక మూల ఆనిస్తాడు, ఓ క్షణం ఆగుతాడు, అచ్చు నెమ్మదిగా వాలుస్తాడు, అరచేతి మడమతో వీపు మీద ఒక్క దెబ్బ. ధబ్. మళ్ళీ పళ్ళెం. నేను మాట్లాడిస్తే జవాబు చెబుతున్నాడు గానీ చెయ్యి ఆగలేదు, కళ్ళు పైకి లేవలేదు. నెమలి తోక రెండు అచ్చుల్లో వస్తుంది. గోరు మందం జరిగినా నెమలికి నడుం విరుగుతుంది. నేనున్న గంటలో ఒక్క నెమలికీ విరగలేదు.

చూస్తూ చూస్తూ నాకో అనుమానం వచ్చింది. నలుపు కనపడుతోంది సరే, ఎరుపు అచ్చు వేసినచోట మాత్రం మురికి నీళ్ళ మరకలా ఉంది. "ఎరుపేదండీ?" అన్నాను. ఆయన మొదటిసారి తలెత్తి నవ్వాడు. "ఇంకా రాలేదమ్మా. ఉడికితే వస్తుంది."

అక్కడ నేర్చుకున్నది ఇదీ. కోరా గుడ్డని పేడ నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండబెట్టి, కరక్కాయ నీళ్ళలో ముంచుతారు. గుడ్డ లేత పసుపు తిరుగుతుంది. కరక్కాయ వగరు దారంలో ఉంటుంది కదా, దాని మీద ఇనుము నీళ్ళు పడితే నల్లగా మారుతుంది. ఆ ఇనుము నీళ్ళనే కసిం అంటారు. ఎరుపు కావలసినచోట వేసేది రంగు కాదు, పటిక. తర్వాత గుడ్డని పారే నీళ్ళలో జాడించి, పెద్ద రాగి గంగాళంలో ఎరుపునిచ్చే వేరుచెక్కా జాజి ఆకూ వేసి మరిగిస్తే, పటిక ఉన్నచోట ఎరుపు పట్టి నిలుస్తుంది, లేనిచోట నిలవదు. అంటే అచ్చు రంగు వెయ్యదు. రంగు ఎక్కడ పట్టాలో గుడ్డకి చెప్పి పెడుతుంది. నలభై ఏడేళ్ళ నా జీవితంలో కలంకారీ చీరలు డజను కట్టి ఉంటాను, ఈ ముక్క తెలీదు.

గంగాళం దగ్గరికి వెళ్తే ఆవిరికి కళ్ళజోడు మసకబారింది. కింద కట్టెల మంట. ఇద్దరు కర్రలతో గుడ్డల్ని తిప్పుతూనే ఉన్నారు, ఆపితే మచ్చలు పడతాయట. కర్రతో ఒక కొస పైకెత్తి చూపించారు. పొద్దున మరకలా కనిపించిన పూలు ఇప్పుడు ఇటుక ఎరుపులో ఉన్నాయి. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఉలవచారు కాస్తున్నట్టుంది" అంది.

యజమానికి నా బ్యాగులోని నెమలి కవరు చూపించాను. ఆయన బొమ్మ వైపు చూడనే లేదు. కవరుని లోపలికి తిరగేశాడు. వెనక తెల్లగా ఉంది.

"స్క్రీన్ ప్రింటు అమ్మా ఇది. రంగు పైనే కూర్చుంది. మా గుడ్డకి వెనక్కి కూడా దిగుతుంది." తర్వాత కాస్త తగ్గించి, "మా ఊళ్ళోనూ స్క్రీన్ వేసేవాళ్ళున్నారు. తప్పనట్లేదు. మేం పదిహేను రోజులు చేసేది వాళ్ళకి ఒక పూట పని. బజార్లో రెంటికీ ఒకటే పేరు" అన్నాడు.

"చూశావా, డబ్బంతా పోసి సగం నెమలిని కొన్నావు" అంది అమ్మ.

కర్టెన్లకి నాలుగు ముక్కలు, గెస్ట్ రూముకి ఒక డబుల్ బెడ్‌షీట్, దానికి రెండు గలేబులు తీసుకున్నాం. ఒక కర్టెన్‌లో ఒకచోట పువ్వు అచ్చు కొంచెం పక్కకి జరిగింది. మార్చమంటే మార్చేవాడే. నేనే వద్దన్నాను. మొదటి ఉతుకు విడిగా ఉతకమనీ, నీడలోనే ఆరెయ్యమనీ మూడుసార్లు చెప్పాడు. వాషింగ్ మెషీన్ మాట ఎత్తితే ఆయన ముఖం చూసి మళ్ళీ ఎత్తలేదు.

మూడో రోజు: రైల్లో

చేత్తో గీసే కలంకారీ శ్రీకాళహస్తిది, అందుకని విజయవాడ వచ్చి తిరుపతి బండెక్కాం. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒంగోలు దాటాక ఎండ, నెల్లూరులో జనం, గూడూరు దగ్గర బండి ఎందుకో ఆగిపోయింది. సీటు కింద మా మూట నుంచి కరక్కాయ వాసన వస్తుంటే ఎదురు సీటావిడ "ఆయుర్వేదమాండీ?" అని అడిగింది. శ్రీకాళహస్తిలో దిగేసరికి రాత్రి తొమ్మిది.

నాలుగో రోజు: శ్రీకాళహస్తి

ముందు దర్శనం, తర్వాతే దుప్పట్లు అని అమ్మ షరతు. రాహుకేతు పూజల జనంతో క్యూ కిక్కిరిసి ఉంది. వాయులింగం దగ్గర కదిలే దీపాన్ని చూసి, బయటపడేసరికి పదకొండు.

గుడికి కొంచెం దూరంలో ఒక సందులో, కలంకారీ గీసే ఒకావిడ ఇల్లు. భార్యాభర్తలిద్దరిదీ ఇదే పని. ముందు గదిలో మంచం లేదు, కుర్చీ లేదు, నేలంతా గుడ్డే. దాని మీద ఆమె గొంతుక్కూర్చుని గీస్తోంది. లోపలికి అడుగు పెట్టగానే ముక్కుకి తగిలింది పాల వాసన, అదీ విరిగిన పాల వాసన. కరక్కాయ పొడిని గేదె పాలలో కలిపి గుడ్డని అందులో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల గీత పాకకుండా గీసినచోటే ఆగుతుంది. ఆవు పాలు పనికిరావా అంటే, "చిక్కదనం చాలదక్కా" అంది.

కలం అని ఆమె నా చేతిలో పెట్టింది ఒక వెదురు పుల్ల. మొన ముల్లులా చెక్కి ఉంది. మొనకి కాస్త పైన ఉన్ని ముక్క చుట్టి దారంతో బిగించి కట్టారు. ఆ ఉన్నిని కసింలో ముంచితే అది పీల్చుకుంటుంది. గీసేటప్పుడు ఉన్నిని వేళ్ళతో నొక్కాలి. ఎంత నొక్కితే అంత రసం మొనలోకి దిగుతుంది. ఆమె చింతపుల్లల బొగ్గుతో ముందే లేతగా వేసుకున్న బొమ్మ మీద గీత లాగడం మొదలెట్టింది. సీత భుజం దగ్గర మొదలైన గీత మోచేతి దాకా ఒక్క ఊపున వచ్చింది. కలం నుంచి దిగేటప్పుడు అది టీ రంగులోనే ఉంది. నేను చూస్తుండగానే, ఆమె చెయ్యి మోచేతి దగ్గరికి వచ్చేలోపు, భుజం దగ్గర నల్లబడిపోయింది. గీత వెనకాలే నలుపు పరుగెత్తుకొస్తున్నట్టుంది.

కసిం కుండ పెరట్లో ఉంది. తుప్పు ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు. మూడు వారాలు పులవాలి. మూత తీస్తే అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

నన్నూ గీయమంది, వేరే పాత ముక్క మీద. ఉన్నిని నొక్కాను. ఏమీ రాలేదు. ఇంకాస్త నొక్కాను. బొట్టు పడింది, అది కళ్ళముందే నల్ల రూపాయి బిళ్ళంత అయింది. "ఫస్టు నాకూ అంతే అక్కా" అంది గానీ అది మర్యాదకే అని తెలుస్తూనే ఉంది.

ఈ పని ఒకప్పుడు ఇక్కడ దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. 1950ల చివర్లో, హస్తకళల కోసం పనిచేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఊళ్ళో శిక్షణ కేంద్రం పెట్టాకే మళ్ళీ చేతులు తయారయ్యాయి. 2008లో పద్మశ్రీ అందుకున్న కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టి ఈ ఊరివారే. ఆ తరం దగ్గర నేర్చుకున్నవాళ్ళ దగ్గర తాను నేర్చుకున్నానని ఆమె చెప్పింది. పూర్వం ఇక్కడ గీసింది గుళ్ళ కోసం. దేవుడి వెనక కట్టే తెరలు, పైన కట్టే చాందినీలు. మధ్యలో పట్టాభిషేకం లాంటి పెద్ద ఘట్టం, చుట్టూ వరసలు వరసలుగా చిన్న గళ్ళలో కథ, గడి కింద తెలుగులో రాత. చదువు వచ్చినవాళ్ళు చదువుకునేవాళ్ళు, రానివాళ్ళు బొమ్మ చూసేవాళ్ళు.

ఇక్కడ నా లిస్టు బయటికి తీశాను. "సోఫాకి ఐదు కుషన్ కవర్లు కావాలి. రామాయణం. ఒక్కోదాని మీద ఒక్కో ఘట్టం."

అమ్మ నా వైపు తిరిగింది. ఏమీ అనలేదు. ఆమె కలం పక్కన పెట్టి, చాలా మెల్లగా అడిగింది.

"దేవుళ్ళ మీద కూర్చుంటారా అక్కా?"

"కూర్చోవడానికి కాదు, వీపు ఆనించుకోడానికి" అన్నాను. అంటూండగానే ఆ మాట ఎంత దరిద్రంగా ఉందో నాకే తెలిసింది.

"ఆర్డరొస్తే మేమూ గీస్తామక్కా. పెద్ద పెద్ద కంపెనీలోళ్ళు అడుగుతారు, దిండ్లకి, దుప్పట్లకి. కాదంటే ఎట్ల, కడుపుకి కావాల కదా. మా ఇంట్లో మాత్రం ఏసుకోం. రాముడి మీద ఎట్ల పండుకుంటాం చెప్పు?"

"అడుగమ్మా, అలా అడుగు" అంది అమ్మ.

వాదించడానికి నా దగ్గర మాటలు లేక కాదు. చీరల మీద రాముడు లేడా, క్యాలెండర్ మీద లేడా, పాత క్యాలెండర్లు చెత్తబుట్టలో వెయ్యమా. కానీ నేల మీద కూర్చుని, మధ్యాహ్నం దాకా ఆ సీత భుజం గీసిన మనిషితో ఆ వాదన పెట్టుకోబుద్ధి కాలేదు. నిజానికి రెండు ఊళ్ళలోనూ పాతవాళ్ళు ఈ లెక్క ముందే తేల్చుకున్నారనిపించింది. కాళహస్తి గుడ్డ దేవుడి వెనక నిలబడింది, అందుకే దాని నిండా దేవుళ్ళు. బందరు గుడ్డ మంచాల మీద పరిచారు, అందుకే దాని నిండా చెట్లూ పూలూ పిట్టలూ. మంచం ఎక్కాల్సింది చెట్టు, గోడ ఎక్కాల్సింది రాముడు. రెంటినీ కలిపి కలంకారీ అని ఒకే అరలో పెట్టి అమ్మే షాపుల్లో పెరిగిన బుర్ర నాది, అందుకే కలగలిపేశాను.

చివరికి తేలింది ఇది. హాల్లో గోడకి చిన్న పట్టాభిషేకం. కుషన్లకి చిలకలు, చేపలు, తీగలు. మంచానికి చెట్టు.

"తల ఎటు పెట్టుకుంటారు?" అని ఆమె అడిగింది. నాకు అర్థం కాలేదు. "చెట్టు మొదలు కాళ్ళకాడికి రావాల, కొమ్మలు తలకాడికి. తలకిందులైతే బాగుండదు." దిండ్లు ఎంతవరకు కప్పుతాయో, పక్కలకి ఎంత వేలాడాలో కూడా అడిగి, వేలితో నేల మీదే 90 అంగుళాలూ 108 అంగుళాలూ కొలిచి చూపించింది. దిండ్ల కింద పడేచోట పూలు తక్కువ వేస్తానంది, ఎవరూ చూడరు కాబట్టి. అంత దూరం నేను ఆలోచించలేదు. గుడ్డకొన్నాక మంచం ఎక్కడో చూసుకునే రకం నేను.

ముందు నలుపు, తర్వాత పటిక, ఉడకబెట్టడం, ఉతకడం, మళ్ళీ పాలు, కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలం, రెండూ కలిసినచోట ఆకుపచ్చ. మధ్యమధ్యలో ఉతుకులు. రెండు నెలలు పడుతుందంది. సగం డబ్బు ఇచ్చాను. ఎంతో మా ఆయనకి ఇంకా చెప్పలేదు, కాబట్టి ఇక్కడా రాయను.

ఐదో రోజు: స్వర్ణముఖి

పొద్దున్నే నది చూద్దామని వెళ్ళాం. ఇసకే ఎక్కువ, నీళ్ళు అక్కడక్కడా మడుగుల్లా. పూర్వం గుడ్డలన్నీ ఇక్కడి పారే నీళ్ళలోనే ఉతికేవాళ్ళట. ఇప్పుడు ఏడాదిలో చాలా రోజులు బోరు నీళ్ళే. నీళ్ళు మారితే రంగు మారుతుందని నిన్న ఆమె అన్నది గుర్తొచ్చి, అమ్మ ఒక దోసెడు నీళ్ళు తీసి వాసన చూసింది. ఏం తెలిసిందో చెప్పలేదు. మధ్యాహ్నం బండికి బయల్దేరి మర్నాడు పొద్దున హైదరాబాద్‌లో దిగాం.

కర్టెన్లు వేలాడదీశాం. పువ్వు పక్కకి జరిగిన ముక్కని అమ్మ కావాలనే అందరికీ కనపడే వైపు కట్టించింది. సగం నెమలి కుషన్ కవరుతో ఇప్పుడు మా ఆయన లాప్‌టాప్ తుడుస్తున్నారు.

నిన్న సాయంత్రం కాళహస్తి ఆవిడ ఫోన్లో ఫొటో పంపింది. పసుపుపచ్చటి గుడ్డ నిండా నల్ల గీతల్లో చెట్టు. గుట్ట, వంకర మాను, కొమ్మకో రకం పువ్వు, కింద రెండు నెమళ్ళు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసి, ఒక్కో కొమ్మా జరిపి జరిపి చూసింది.

"బాగానే ఉంది గానీ, ఎరుపేదే?"

"పటిక వేసేసిందటమ్మా. ఇంకా ఉడకాలి."